కంపములో నిలుకడ: మార్గరెట్ బర్క్-వైట్ జీవితము

లోకములో ఛాయాచిత్రములు తీయువారు లక్షలకొలది కలరు. మంచి కెమెరా యొకటి చేత నున్నచో మంచి చిత్రము దానంతటదియే వచ్చునని వారిలో పలువురు తలంచుచుందురు. కాని కెమెరాను చేతబట్టిన ప్రతివారికిని మొదట నడ్డుతగులునది తమ చేయియే. ఎంత ఆరోగ్యవంతుని చేయియైనను పూర్తిగా నిశ్చలముగా నుండదు. గుండె కొట్టుకొనుచుండును, ఊపిరి వచ్చుచు పోవుచుండును, కండరములు బిగియుచు సడలుచుండును. వీని వలన మన వ్రేళ్లు సెకనునకు 8 మొదలు 12 మారుల వరకు, కంటికి కనబడనంత సన్నగా, వణకుచునే యుండును. కెమెరా కన్ను తెఱచియున్న రెప్పపాటులో ఆ వణకు చొచ్చెనా, చిత్రములోని ముఖము చెదరిపోవును, అక్షరములు అలుకుకొనిపోవును.

అట్టి వణకుతో జీవితమంతయు పోరాడి, తుదకు తన చేతులకే కంపవాతము దాపురింపగా దానితోను పోరాడిన యొక మహిళ చరిత్రమును ఈ సంచికలో మన విద్యార్థులకు చెప్పదలచితిని. ఆమె పేరు మార్గరెట్ బర్క్-వైట్. గాంధీ మహాత్ముడు రాట్నముచెంత నేలపై కూర్చుండి కాగితములు చదువుకొనుచున్న ఛాయాచిత్రమును ఎఱుగని భారతీయుడు అరుదు. ఆ చిత్రమును తీసినది ఈమెయే.

మార్గరెట్టు 1904 వ సంవత్సరము జూన్ 14 వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్సు అను భాగమున జన్మించెను. తండ్రి జోసెఫ్ వైటు. తల్లి మిన్నీ బర్కు. ఆమె బాల్యము న్యూజెర్సీ రాష్ట్రములోని బౌండ్ బ్రూక్ అను చిన్న పట్టణమున గడచెను. తండ్రి అచ్చుయంత్రములను మెఱుగుపఱచుటలో నేర్పరి, మితభాషి, పనియందు మునిగినచో చుట్టునున్న లోకమును మఱచువాడు, చేయు పనిలో చిన్న లోపమునైనను సహింపనివాడు. తల్లి బిడ్డలకు భయమును జయించుట నేర్పెను. చీకటియన్నను ఒంటరితనమన్నను వెఱచుచుండిన కుమార్తెను గద్దింపక, ఆటల రూపమున మెల్లమెల్లగా ఆ వెఱపును పోగొట్టెను. రెండు దారులు ఎదురైనప్పుడు కష్టమైనదానినే యెంచుకొనవలెనన్నది ఆ యింట నేర్పబడిన పాఠము.

ఎనిమిదేండ్ల ప్రాయమున నొకనాడు తండ్రి ఆమెను ఇనుము పోతపోయు కర్మాగారమునకు తీసికొనిపోయెను. పైనున్న మెట్లమీద నిలుచుండి చూచుచుండగా, క్రింది చీకటిలో కరగిన లోహము ఒక్కసారిగా ప్రవహించి వెలుగులు చిమ్మెను. ఆ దృశ్యము బాలిక మనస్సునుండి ఎన్నడును తొలగిపోలేదు. పెరిగి పెద్దయైన పిమ్మట యంత్రములయందును కర్మాగారములయందును ఆమె కనుగొన్న సౌందర్యమునకు ఆనాటి వెలుగే మూలమని చెప్పవచ్చును.

మొదట ఆమె ఛాయాగ్రహణమును వృత్తిగా నెంచుకొనలేదు. పాములు, తాబేళ్లు మొదలగు ప్రాణులన్న ఆమెకు మిక్కిలి మక్కువ; ఆ శాస్త్రమునే చదువవలెనని యుద్దేశము. 1922 లో తండ్రి చనిపోయెను. ఆ సంవత్సరముననే కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుచు, క్లారెన్స్ వైటు అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుని తరగతిలో ఆమె చేరెను. ఇంటి పేరొకటియేయైనను ఆయన బంధువు కాడు. కుమార్తె కోరిక నెఱిగి, తల్లి ఇరువది డాలర్లు వెచ్చించి పాత కెమెరా యొకదానిని కొనియిచ్చెను. దాని కటకమునకు నడుమ నొక పగులుండెను. పగిలిన కటకముతోనే ఆమె విద్య యారంభమయ్యెను.

పిమ్మట ఆమె పలు విశ్వవిద్యాలయములు మాఱెను. 1924 లో జరిగిన వివాహము రెండేండ్లకే ముగిసెను. ఒంటరిగా మిగిలిన ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయములో చేరి, ఆ విద్యాలయపు భవనములకు ఛాయాచిత్రములు తీసి తోడి విద్యార్థులకు అమ్మి, ఆ సొమ్ముతో చదువు సాగించి, 1927 లో పట్టము పొందెను. తల్లి పుట్టింటి పేరును తండ్రి పేరునకు జతచేసికొని బర్క్-వైట్ అయ్యెను. ఆ వెంటనే క్లీవ్‌లాండు నగరమునకు వెళ్లి ఛాయాగ్రాహకురాలుగా బ్రదుకు నారంభించెను.

క్లీవ్‌లాండు ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన నగరము. ఓటిస్ ఉక్కు కర్మాగారములోనికి ప్రవేశింపవలెనని ఆమె పట్టుపట్టెను. అట్టిచోట స్త్రీలు అడుగిడుట అపురూపమైన కాలమది. అనుమతి దొరకిన తరువాతనే అసలు కష్టము బయలుపడెను. కరగిన ఉక్కు కంటికి కోటి దీపములవలె వెలుగుచున్నను, ఆ వెలుగు ఎఱ్ఱనిది. ఆనాటి ఫిల్ముకు ఎఱుపు కనబడదు. రాత్రివేళ పలుమారులు పోయి, కొలిమికి మిక్కిలి దగ్గఱ నిలుచుండి, ముఖము కమిలి, కెమెరాకు పూసిన వార్నీషు పొంగునంతటి వేడిలో తీసిన చిత్రములు కడిగిచూడగా నల్లగా, మసకగా నుండెను. తుదకు చలనచిత్రముల వారికొఱకు తయారైన పెద్ద మెగ్నీషియము కాగడాలు దొరకెను. వానిని వెలిగింపగా తెల్లని కాంతి పుట్టి, ఉక్కుధారయు, చిమ్ముచున్న నిప్పురవ్వలును స్పష్టముగా ఫిల్ముపై నిలిచెను. ఇట్లు నెలలకొలది ఆమె పడిన శ్రమ ఫలించెను.

ఇచ్చట విద్యార్థులు ఒక విషయమును గ్రహింపవలెను. వెలుగు చాలనప్పుడు కెమెరా కన్ను చాలసేపు తెఱచియుంచవలసివచ్చును. ఎంతసేపు తెఱచియుండునో అంతసేపును ప్రతి కదలికయు చిత్రములో పడుచుండును. వెలుగు హెచ్చినచో కన్ను క్షణకాలము తెఱచిన చాలును; కదలికకు చోటుండదు. కావున వణకును జయించుటకు మొదటి సాధనము బలము కాదు, వెలుగు. ఈ సత్యమును మార్గరెట్టు ఉక్కు కొలిమివద్ద నేర్చుకొనెను. ఆమె జీవితమంతయు దీపములను, ఫ్లాష్ బల్బులను, బరువైన మూడుకాళ్ల స్టాండును మోసికొని తిరుగుటకు ఇదియే కారణము.

ఉక్కు చిత్రములను చూచి హెన్రీ లూసు అను పత్రికాధిపతి 1929 లో ఆమెను న్యూయార్కునకు పిలిపించి, తాను క్రొత్తగా స్థాపింపబోవు ఫార్చ్యూన్ పత్రికలో పని యిచ్చెను. ఆ చలికాలముననే న్యూయార్కులో క్రైస్లర్ భవనపు శిఖరము లేచుచుండెను. దాని నిర్మాణమును దశదశలుగా చిత్రించు పని ఆమెకు లభించెను. వీథికి ఎనిమిదివందల అడుగుల ఎత్తున, గడ్డకట్టించు చలిలో, ఈదురుగాలిలో పని. గాలి వీచినప్పుడు ఆ గోపురము ఒక్కొక్కప్పుడు ఎనిమిది అడుగుల మేర వరకు ఇటునటు ఊగుచుండెనని ఆమె వ్రాసెను. కెమెరా స్టాండు ఎగిరి వీథిలో పడకుండ మువ్వురు మనుష్యులు దానిని పట్టుకొనవలసి వచ్చెను. కాళ్లక్రింది నేలయే ఊగుచుండగా స్పష్టమైన చిత్రము తీయుట యెట్లు?

ఆమె యొక ఉపాయము కనుగొనెను. ఆ ఊపును ఎదిరించుట మాని, దాని లయను తన దేహముతో గుర్తించుటకు ప్రయత్నించెను. మన పిల్లలు ఉయ్యాల నెక్కినప్పుడు చూచియుందురు: ఉయ్యాల నడుమ వేగముగా పోవును, ఒక కొసకు చేరి తిరిగి వచ్చుటకు ముందు కనుఱెప్పపాటు ఆగినట్లుండును. గోపురమును అట్లే. ఆ ఊపు మందగించు క్షణము వచ్చువరకు వేచియుండి, ఆ క్షణముననే ఆమె కెమెరా మీట నొక్కెడిది. వణకు లేని చోటు లోకమున లేదు. కాని ప్రతి వణకునందును ఒక నిలుకడ క్షణము కలదు. దానికొఱకు ఓపికతో కాచుకొనువానికి స్పష్టమైన చిత్రము దొరకును. మార్గరెట్టు చరిత్రములో నాకు మిక్కిలి ముఖ్యమని తోచు సంగతి ఇది.

1930 లో ఆమె రష్యా దేశమునకు పోయి, అచ్చట నిర్మాణములోనున్న ఆనకట్టలను, కర్మాగారములను చిత్రించుటకు అనుమతి పొందిన తొలి పాశ్చాత్య ఛాయాగ్రాహకురాలయ్యెను. 1936 లో లూసు లైఫ్ అను సచిత్ర వారపత్రికను స్థాపింపగా, తొలి నలుగురు ఛాయాగ్రాహకులలో ఈమె యొకతె. ఆ సంవత్సరము నవంబరు 23 వ తేదీన వెలువడిన ప్రథమ సంచిక ముఖపత్రముపై ఈమె తీసిన ఫోర్ట్ పెక్ ఆనకట్ట చిత్రము ప్రకటింపబడెను. నాటివరకు యంత్రములయందే లగ్నమైన ఆమె దృష్టి క్రమముగా మనుష్యులవైపు మరలెను. 1937 లో ఒహాయో నది పొంగి లూయీవిల్ నగరమును ముంచినప్పుడు, తిండికొఱకు వరుసగా నిలుచున్న నీగ్రో ప్రజలను, వారి వెనుక గోడపై సుఖసంసారపు ప్రకటనలో కారులో నవ్వుచున్న తెల్లవారి కుటుంబమును ఒకే చిత్రములో చూపెను. ఒక్క మాటయు లేక ఒక దేశపు అన్యాయమును ఆ చిత్రము సాక్ష్యమిచ్చెను. అదే సంవత్సరము, దక్షిణ రాష్ట్రములలోని కౌలు రైతుల దుస్థితిని గూర్చి, పిమ్మట ఆమెకు భర్తయైన గ్రంథకర్త ఎర్స్కిన్ కాల్డ్‌వెల్‌తో కలసి ఆమె చేసిన గ్రంథము వెలువడెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1941 లో జర్మనులు రష్యాపై పడునప్పటికి ఆమె ఆ దేశములోనే యుండెను. మాస్కోలో రాత్రివేళ విమానదాడులు జరుగుచుండగా, కెమెరాలను నిలుకడగా అమర్చి, వాని కన్నులను చాలసేపు తెఱచియుంచి, ఆకాశమున గీతలు గీయు వెలుగులను చిత్రించెను. చేయి తాకకుండ, ఆధారముపై నిలిపిన కెమెరా ఎంతసేపు తెఱచియున్నను చెదరదని ఆ చిత్రములు తెలుపును. 1942 డిసెంబరులో ఆమె ఉత్తర ఆఫ్రికాకు పోవుచుండిన ఓడ టార్పెడో దెబ్బకు గుఱియయ్యెను. ప్రాణరక్షణకై దిగిన పడవలో, తెల్లవారగనే, అలలపై ఊగుచునే తోడివారి చిత్రములు తీసెను. 1943 జనవరిలో బాంబులువేయు విమానములో ట్యూనిస్ విమానాశ్రయముపై దాడికి పోయెను. అమెరికా సైన్యముతో అట్టి దాడికి వెళ్లిన తొలి స్త్రీ ఆమెయే. విమానము నిలువెల్ల దడదడలాడును; కెమెరాను దాని గోడకు ఆనించినచో ఆ దడ చిత్రములో చేరును. అందుచే ఆకాశమునుండి చిత్రములు తీయువారు చేతులను దేనికిని ఆనింపక తమ దేహమునే మెత్తని పరుపువలె చేసికొందురు. నేలపై గోడయే ఆధారము. ఆకాశమున గోడయే శత్రువు. ఎచ్చట వణకు పుట్టుచున్నదో తెలిసికొనుట నిలుకడకు తొలిమెట్టు.

1945 ఏప్రిలులో ఆమె సైన్యముతో బుకెన్‌వాల్డ్ చెఱశిబిరమును ప్రవేశించెను. ఎముకలగూళ్లయి ముండ్లతీగల వెనుక నిలుచున్న మనుష్యులను చిత్రించెను. అట్టిచోట చేయి వణకుట చలివలన కాదు. తనకును ఆ ఘోరమునకును నడుమ కెమెరా యొక తెరవలె నిలిచినందుననే ఆ పని చేయగలిగితినని తరువాత ఆమె వ్రాసికొనెను. లోకము నమ్మవలెనన్నచో చిత్రము స్పష్టముగా నుండవలెను. స్పష్టత యనగా కేవలము అందము కాదు, అది సాక్ష్యము.

1946 లో ఆమె మన దేశమునకు వచ్చెను. గాంధీ మహాత్ముని చిత్రింపగోరగా, ఆయన కార్యదర్శి మొదట రాట్నము వడకుట నేర్చుకొని రమ్మని నియమము పెట్టెను. రాట్నమును గూర్చి తెలియనివారు దానిపై వడకువానిని ఎట్లు చిత్రింపగలరని ఆయన అభిప్రాయము. ఉక్కు కొలిములయొద్దను ఊగు గోపురములమీదను చెదరని ఆమె చేతులలో ఏకునుండి దారము మాటిమాటికి తెగిపోయెను. ఎట్టకేలకు కొంత నేర్చుకొన్న తరువాత ప్రవేశము దొరకెను. అది గాంధీగారి మౌనదినము. గదిలో వెలుగు తక్కువ. ఆయనకు ఫ్లాష్ కాంతి యిష్టము కాదు. మూడు బల్బులకు మాత్రమే అనుమతి. మొదటి రెండును వ్యర్థమయ్యెను. మూడవదానితో వచ్చినదే లోకప్రసిద్ధమైన ఆ చిత్రము. గాంధీగారు ఆమె ఫ్లాష్ బల్బుల బాధను తలంచుకొని, తనను హింసించు మనిషి యని ఆమెను పరిహాసముగా పిలిచెడివారు. మూడే అవకాశములున్న వానికి తొందర పనికిరాదని, మొదటి రెండును పోయినను మూడవదానికి చేయి స్థిరముగా నుండవలెనని ఆ చిత్రమును చూచినప్పుడెల్ల మనము జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును.

1946 లో కలకత్తా వీథులలో జరిగిన మారణకాండను, 1947 లో పంజాబున ఇండ్లు వాకిళ్లు విడిచి బండ్లమీదను కాలినడకను సాగిపోయిన లక్షలాది కాందిశీకులను ఆమె చిత్రించెను. 1948 జనవరి 30 వ తేదీన గాంధీగారిని కలసికొని సంభాషించెను. ఆ తరువాత కొన్ని గంటలకే ఆయన హతుడయ్యెను. ఈ దేశమున తాను చూచిన సంగతులను 1949 లో గ్రంథముగా ప్రకటించెను.

ఇంతవరకు చెప్పిన వణకులన్నియు బయటివి. ఇక లోపలి వణకును గూర్చి చెప్పవలసియున్నది. 1952 లో ఆమె కొరియా యుద్ధమును చిత్రించుటకు పోయెను. చనిపోయినాడని తలంచిన కుమారుడు ఇల్లు చేరగా తల్లి అతనిని కౌగిలించుకొనుట అచ్చట ఆమె తీసిన చిత్రములలో నొకటి. ఆ దినములకు అటునిటుగా ఎడమ కాలిలో సన్నని నొప్పి పొడసూపెను. కూర్చుండి లేచినప్పుడు మొదటి అడుగులు తడబడసాగెను. క్రమముగా ఎడమ చేయి బిగిసెను. వ్రేళ్లు చెప్పినమాట వినుట మానెను. వైద్యులు పరీక్షించి అది పార్కిన్సన్ వ్యాధి యని తేల్చిరి.

1817 లో జేమ్స్ పార్కిన్సన్ అను ఆంగ్లేయ వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించినందున దానికి ఆయన పేరు వచ్చినది. మన పెద్దలు కంపవాతమని పిలుచునది ఇట్టిదే. మెదడు లోతున డోపమీను అను పదార్థమును పుట్టించు కణములు నశించుటచే దేహముపై మెదడు అధికారము సడలును. కండరములు బిగియును, నడక మందగించును, చేతులు సెకనునకు 4 మొదలు 6 మారులు వణకును. ఆనాటికి దీనికి తగిన మందు లేదు. కెమెరా మీటపై వ్రేలుంచి క్షణమును పట్టుకొనుటయే జీవనమైన వ్యక్తికి ఇంతకంటె క్రూరమైన వ్యాధి మఱియొకటి యుండునా?

ఆమె మొదట ఈ సంగతిని చాలకాలము దాచెను. పని ఇచ్చువారికి తెలిసినచో పని పోవునని భయము. కాని దాచుచునే పోరాడెను. దినమునకు మైళ్లకొలది నడచెడిది. వార్తాపత్రికల కాగితములను ఉండలుగా నలిపెడిది. తడి తువ్వాళ్లను పిండెడిది. పసిబిడ్డవలె వ్రేళ్లకు మరల పని నేర్పుచుండెను. ఆ స్థితిలోనే అమెరికాలోని జెసూయిట్ సన్న్యాసుల విద్యాలయములను, ఆశ్రమములను, సేవాకార్యములను చిత్రించెను. ఫాదర్ జాన్ లాఫార్జ్ వ్రాసిన గ్రంథముతో కూడ ఆ చిత్రములు 1956 లో ప్రకటింపబడెను. లైఫ్ పత్రికకు ఆమె చేసిన చివరి చిత్రకథ 1957 నాటిది.

1959 జనవరిలో డాక్టరు ఇర్వింగ్ కూపరు అను శస్త్రవైద్యుడు ఆమె పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేసి, మెదడు లోతున వ్యాధికి స్థానమైన కొంచెము భాగమును నిర్వీర్యము గావించెను. ఆమె ఎడమ పార్శ్వపు బిగింపును వణకును చాలవరకు తగ్గెను. ఆ పిమ్మట ఆమె చేసిన పని అన్నిటికంటె ధైర్యమైనది. ఇన్నేండ్లు దాచిన వ్యాధిని ఇక దాచక, చికిత్సను, వ్యాయామములను, గుండు చేసిన తలను తన తోటి ఛాయాగ్రాహకుడైన ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ చిత్రించుటకు సమ్మతించెను. ఆ సంవత్సరము జూన్ మాసములో లైఫ్ పత్రిక ఆ చిత్రములను ప్రకటించెను. ఇతరుల దుఃఖమును చిత్రించిన మనిషి తన దుఃఖమును చిత్రింపనిచ్చుట న్యాయమని ఆమెకు తోచియుండవచ్చును. 1960 లో ఆమె పోరాటము టెలివిజనులో నాటకముగా ప్రదర్శింపబడెను. సిగ్గుచే ఇంటిలోపల దాగియుండెడి రోగులెందఱికో అది ధైర్యమయ్యెను.

1961 లో రెండవ శస్త్రచికిత్స జరిగెను. దానివలన వణకు తగ్గినను మాట దెబ్బతినెను. 1963 లో ఆమె స్వీయచరిత్ర వెలువడెను. నిశ్చలమైన చేయి దొరకని దినములలో కొంచెము కొంచెముగా ఆ గ్రంథమును పూర్తిచేసెను. 1969 లో లైఫ్ పత్రికనుండి విరమించెను. వ్యాధి మరల హెచ్చగా, 1971 ఆగస్టు 27 వ తేదీన, తన 67 వ యేట, కనెక్టికట్ రాష్ట్రములోని స్టామ్‌ఫర్డు నగరమున మరణించెను. ఆమె కాగితములును చిత్రములును పెక్కు సిరక్యూస్ విశ్వవిద్యాలయమున భద్రపఱుపబడియున్నవి.

ఈమె వ్యాధిని జయించెనని చెప్పుట సత్యము కాదు. కంపవాతము తుదకు ఆమె దేహమును గెలిచినది. కాని ఆ గెలుపునకు దానికి దాదాపు ఇరువదియేండ్లు పట్టినది. అపొస్తలుడైన పౌలునకు శరీరములో నొక ముల్లుండెననియు, అది తొలగింపబడలేదనియు మనము చదువుచున్నాము. ముల్లు తొలగని జీవితము వ్యర్థమైన జీవితము కాదు. చేయి స్థిరముగా నున్నవానికి నిలుకడ యొక వరము. చేయి వణకువానికి నిలుకడ యొక సాధన.

మన విద్యార్థులలోను వారి పెద్దలలోను చేయి వణకువారు ఉండవచ్చును. వారు కెమెరాను విడిచిపెట్టనక్కఱలేదు. మార్గరెట్టు అనుభవమునుండి తేలిన సూత్రములే వారికి చాలును. మొదటిది వెలుగు: కిటికీచెంతకో ఆరుబయటికో వచ్చి చిత్రము తీయవలెను, అప్పుడు షట్టరును వేగముగా తెఱచి మూయవచ్చును. సామాన్యమైన 50 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 50 వ వంతుకంటె, దూరమును చూచు 200 మిల్లీమీటర్ల కటకమునకు 200 వ వంతుకంటె ఎక్కువసేపు షట్టరును తెఱచి యుంచరాదని ఛాయాగ్రాహకుల లెక్క. చేయి వణకువారు దానికి రెండు మూడు రెట్ల వేగము నుంచుకొనవలెను. సెకనునకు 5 మారులు వణకు చేతికి ఒక్కొక్క వణకు సెకనులో 5 వ వంతు పట్టును. షట్టరు 500 వ వంతులో మూసికొన్నచో, ఒక వణకులో నూఱవ భాగము మాత్రమే చిత్రములో పడును. అంత స్వల్పమైన కదలిక చాలవరకు కంటికి కనబడదు.

రెండవది ఆధారము: కాళ్లు ఎడముగా నుంచి, మోచేతులు ప్రక్కటెముకలకు ఆనించి, వీపును స్తంభమునకో గోడకో చేర్చవలెను. స్టాండు లేనివారు కెమెరా అడుగునకు నొక గట్టి త్రాడు కట్టి, దాని కొసను కాలితో త్రొక్కి పైకి బిగించి లాగినచో కెమెరా నిలుకడగా నుండును. మూడవది కాలము: సగము ఊపిరి విడిచి, మీటను కొట్టక, మెల్లగా నొక్కవలెను. వరుసగా నాలుగైదు చిత్రములు తీసినచో వానిలో నొకటి ఊపు ఆగు క్షణమున పడును. ఇప్పటి కెమెరాలలోను చేతిఫోనులలోను వణకును సరిదిద్దు యంత్రములు అమర్చబడియున్నవి. మార్గరెట్టు కాలమున అట్టి సహాయము లేదు. ఆమెకు గోపురపు ఊపును గుర్తించు ఓపిక మాత్రమే యుండెను.

ఎవని చేయియైనను వణకుచుండగా చూచినచో నవ్వకుడు. పరీక్షలో కలము వణకు బాలుడైనను, గిన్నె పట్టుకొనలేని వృద్ధుడైనను, తమ ఊపులోని నిలుకడ క్షణముకొఱకు వేచియున్నారని తలంచుడు. వారికి వెలుగు నిండు, ఆధారము నిండు, కొంత కాలము నిండు. మనుష్యునకు మనుష్యుడు చేయదగిన సహాయము ఈ మూటిలోనే యిమిడియున్నది.